ఆమెను ఏ పార్టులో చంపారు? యాక్షన్ ఫ్రాంచైజీల రివ్యూ

ముందే చెప్తున్నా, ఇందులో స్పాయిలర్లు చాలా ఉన్నాయి. ఎవరు ఎప్పుడు చనిపోతారో చెప్పకుండా ఈ విషయం మాట్లాడటం కుదరదు. ఫైట్లు, గ్రాఫిక్స్, ఛేజ్‌ల గురించి రివ్యూలు బోలెడు దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పెద్దగా వెళ్లను. నేను చూసేది ఒక్కటే: ఒక గట్టి ఆడపాత్రను పరిచయం చేసి, ట్రైలర్లో ఆమెతో ఫైట్లు చేయించి, పోస్టర్ మీద తుపాకీ ఇచ్చి నిలబెట్టాక, తర్వాతి పార్టుల్లో ఆ ఫ్రాంచైజీ ఆమెను ఏం చేసింది? మొదటి పార్టులో దాదాపు అందరూ బాగానే చూసుకుంటారు. అసలు సంగతి రెండో మూడో పార్టుకి వచ్చేసరికి బయటపడుతుంది.

ఏలియన్‌తో మొదలుపెడతా, ఎందుకంటే ఈ విషయంలో మంచీ చెడూ రెండూ అందులోనే ఉన్నాయి. 1979 సినిమా స్క్రిప్టులోనే అంతరిక్ష ఓడ సిబ్బందిలో ఏ పాత్రనైనా ఆడవాళ్లు చేయొచ్చు, మగవాళ్లు చేయొచ్చు అని రాసిపెట్టారు. సిగర్నీ వీవర్ చేసిన రిప్లీ అంత సహజంగా ఉండటానికి అది ఒక కారణం అనుకుంటా. గాయపడ్డ మనిషిని మోసుకొచ్చి తలుపు తీయమని బయటినుంచి అరుస్తుంటే, క్వారంటైన్ రూల్ ప్రకారం తీయను అంటుంది రిప్లీ. అరవదు, ఏడవదు, తన డ్యూటీ తను చేస్తుంది, అంతే. ఆమె మాట కాదని తలుపు తీసినందుకే మిగతా కథంతా జరుగుతుంది.

1986లో జేమ్స్ కామెరాన్ తీసిన రెండో పార్ట్ ఏలియన్స్ కొనేటప్పుడు మాత్రం కచ్చితంగా స్పెషల్ ఎడిషన్ చూసి తీసుకోండి. థియేటర్ వెర్షన్ కంటే 17 నిమిషాలు ఎక్కువ ఉంటుంది, ఆ ఎక్కువలో రిప్లీ కూతురి సీన్ ఉంది. 57 ఏళ్లు నిద్రాణస్థితిలో ఉండి లేచిన రిప్లీకి, పదకొండో పుట్టినరోజుకి వచ్చేస్తానని మాటిచ్చి వచ్చిన కూతురు 66 ఏళ్లు బతికి చనిపోయిందని చెప్పి ఒక ముసలామె ఫొటో చూపిస్తారు. ఆ సీన్ థియేటర్లో తీసేశారు, నాకు అదే అస్సలు మింగుడు పడని విషయం. న్యూట్ అనే పాపను ఆమె ఎందుకు అంతలా పట్టుకుని వదలదో ఆ ఒక్క సీనుతో అర్థమవుతుంది. అది లేకపోతే ఆడది కాబట్టి పిల్లని చూడగానే కరిగిపోయింది అన్నట్టు మిగిలిపోతుంది. అది ఉంటే పోగొట్టుకున్న ఒక మనిషి కథ అవుతుంది.

చివర్లో లిఫ్టులో కిందికి వెళ్తూ ఆమె ఏం చేస్తుందో గమనించండి. ఒంటరిగా ఉంది, పాప కింద ఏలియన్ల గూట్లో ఉంది, చేతిలో రైఫిల్, ఫ్లేమ్‌త్రోయర్. రెండింటినీ ఓడలోనే పక్కపక్కన పెట్టి టేపు చుట్టి కట్టుకుంది, ఇప్పుడు బుల్లెట్లు సరిచూసుకుంటుంది, జాకెట్ విప్పి పక్కన పడేస్తుంది. చేతులు వణుకుతున్నంత టెన్షన్‌లో కూడా పని ఆగదు. ఆ తుపాకీ ఎలా వాడాలో అంతకు ముందే హిక్స్ అనే సైనికుడు నేర్పించిన సీన్ ఉంది, అంటే ఆకాశంలోంచి ఊడిపడ్డ బలం కాదు, అడిగి నేర్చుకున్నది. గట్టి ఆడపాత్ర రాయాలనుకునే ఎవరికైనా ఆ ఐదారు నిమిషాలు చూస్తే చాలు.

ఇక 1992లో మూడో పార్ట్ వచ్చింది, టైటిల్స్ పడుతుండగానే న్యూట్‌నీ హిక్స్‌నీ చంపేశారు. రెండో సినిమా అంతా రిప్లీ ప్రాణం పెట్టి కాపాడినదాన్ని పేర్లు పడేలోపు తుడిచేశారు. డేవిడ్ ఫించర్ తీసిన ఆ సినిమాలో మంచి భాగాలు ఉన్నాయి, చివర్లో తన చావు తనే ఎంచుకునే హక్కు రిప్లీకి దక్కింది, అది ఒప్పుకుంటా. కానీ 1997లో ఆ చావుని కూడా ఉంచలేదు, క్లోన్ అని చెప్పి మళ్లీ తీసుకొచ్చారు. మొదటి రెండూ ఎన్నిసార్లయినా చూడొచ్చు. తర్వాతివి వీవర్ కోసం ఒకసారి చాలు.

మిషన్ ఇంపాజిబుల్ దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. 2015లో రోగ్ నేషన్‌లో రెబెక్కా ఫెర్గూసన్ ఇల్సా ఫౌస్ట్‌గా వచ్చినప్పుడు ఈ ఫ్రాంచైజీలో ఇన్నాళ్లకి హీరో ఈథన్‌కి సరిజోడు దొరికింది అనిపించింది. హీరోయిన్ అనే అర్థంలో కాదు, పనిలో సరిజోడు. ఆమె సొంత ఏజెన్సీ, సొంత చిక్కుముడి, సొంత బాస్ చేసిన మోసం ఆమెకి ఉన్నాయి. ఈథన్ నీళ్లలో ఊపిరాడక మునిగిపోతుంటే దూకి బయటికి లాగింది ఆమే. వియన్నా ఒపెరా పైకప్పు మీదినుంచి దిగే ముందు, నా షూస్ తీసెయ్ అని ఈథన్‌తో అంటుంది చూడండి, హీల్స్‌తో పరిగెత్తించే సినిమాలు చూసీ చూసీ విసిగిపోయిన కళ్లకి ఆ ఒక్క చిన్న మాట ఎంత హాయిగా ఉంటుందో. విలన్ అనుచరుల్లో అందరికంటే భయంకరమైనవాడితో కత్తి ఫైట్ కూడా ఆమెదే, ఈథన్ వచ్చి కాపాడడు. 2018లో ఫాల్అవుట్‌లోనూ ఆమె పని ఆమెకి ఉంది, అది ఈథన్ పనికి అడ్డొస్తుంది కూడా.

తర్వాత 2023లో డెడ్ రెకనింగ్. మొదట ఎడారిలో ఆమె చనిపోయిందని మనల్ని నమ్మిస్తారు, కాదు బతికే ఉంది అంటారు, ఆ తర్వాత వెనిస్‌లో వంతెన మీద నిజంగానే చంపేస్తారు. అదీ ఎలా? ఇల్సా, కొత్తగా వచ్చిన గ్రేస్, ఈ ఇద్దరిలో ఒకరు పోతారు అని విలన్ ముందే ఈథన్‌కి చెప్తాడు. అంటే ఎవరు పోయినా దెబ్బ తగలాల్సింది ఈథన్‌కి. ఎనిమిదేళ్లు, మూడు సినిమాలు కట్టిన పాత్ర, ఆ క్షణంలో హీరోని బాధపెట్టే సాధనం అయిపోయింది. హేలీ అట్వెల్ చేసిన గ్రేస్ బాగుంది, ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఒకరిని లోపలికి తీసుకురావాలంటే ఇంకొకరిని బయటికి పంపాల్సిందేనా, ఆడవాళ్లకి ఒకే కుర్చీ వేసినట్టు? టీమ్‌లో మగవాళ్ల విషయంలో ఆ లెక్క ఎప్పుడూ లేదు, లూథర్, బెంజీ ఇద్దరూ కలిసే ఏళ్ల తరబడి ఉన్నారు. వెనక్కి చూస్తే 2000లో వచ్చిన నయా అనే పాత్ర తర్వాత కనిపించలేదు, 2011లో అంత బాగా ఫైట్ చేసిన జేన్ కార్టర్ కూడా మళ్లీ రాలేదు.

ఇది కొత్త జబ్బు కాదు. 1994లో ఒక గ్రీన్ లాంటర్న్ కామిక్‌లో హీరో ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో పెడతారు. 1999లో గెయిల్ సిమోన్ అనే ఆమె ఇలా కామిక్స్‌లో చంపిన, హింసించిన, శక్తులు లాగేసుకున్న ఆడపాత్రల లిస్టు తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టింది, దానికి ఆ ఫ్రిజ్ పేరే పెట్టింది. నేను సినిమాల్లో చూసే పద్ధతి కూడా దాన్నుంచి వచ్చిందే: ఆమె పోయాక కెమెరా ఎవరి ముఖం మీద ఆగుతుంది? ఆమెకి మిగిలిపోయిన పని ఎవరైనా తలచుకుంటారా, లేక హీరో కళ్లు తుడుచుకుని బైక్ ఎక్కేస్తాడా?

ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ ఈ లెక్కలో విచిత్రమైన కేసు. 2001 నుంచి ఉన్న హీరో డామ్ ప్రియురాలు లెటీని 2009లో నాలుగో పార్టులో చంపారు, డామ్ తిరిగి రావడానికి ఒక కారణం కావాలి కాబట్టి. 2013లో ఆరో పార్టులో గతం మర్చిపోయిన మనిషిగా మళ్లీ తెచ్చారు. అదే పార్టులో గాల్ గాడోట్ చేసిన జిసెల్, టీమ్‌లోని హాన్‌ని కాపాడటానికి అతని చెయ్యి వదిలేసి పడిపోయింది, 2023లో పదో పార్ట్ చివర్లో ఆమె కూడా ప్రత్యక్షమైంది. 2017లో ఎలీనాను మాత్రం డామ్ కళ్లముందు చంపించి వదిలేశారు, అతని బిడ్డకి తల్లి కావడం తప్ప ఆ పార్టులో ఆమెకి వేరే పనే ఇవ్వలేదు. ఇన్ని జరుగుతున్నా లెటీ ఇంకా లెటీలా మిగిలి ఉందంటే ఆ గొప్పతనం మిషెల్ రోడ్రిగెజ్‌ది. మొదటి సినిమా స్క్రిప్టులో లెటీ డామ్‌ని మోసం చేసి ఇంకొకరితో వెళ్లేలా రాస్తే నేను ఒప్పుకోలేదని ఆమే చెప్పింది. 2017లో అయితే, ఈ సిరీస్‌లో ఆడవాళ్లకి కాస్త విలువ ఇవ్వకపోతే నేను వెళ్లిపోవాల్సి రావచ్చు అని ఇన్‌స్టాగ్రామ్‌లో బహిరంగంగా రాసింది. తర్వాత 2021లో వచ్చిన తొమ్మిదో పార్టులో లెటీ, డామ్ చెల్లెలు మియా పక్కపక్కన నిలబడి ఫైట్ చేస్తారు. నటి గొడవపడితే తప్ప అది జరగలేదంటే రాసేవాళ్లు సిగ్గుపడాలి.

మార్వెల్ గురించి తక్కువే చెప్తా, అందరికీ తెలిసిందే. బ్లాక్ విడో, అంటే నటాషా, 2010లో వచ్చింది, సొంత సినిమా 2021లో వచ్చింది, అంటే 2019లో ఎండ్‌గేమ్‌లో ఆ పాత్ర చనిపోయిన తర్వాత. అంతకు ముందు సంవత్సరం గమోరా అనే ఇంకో ఆడపాత్రని ఏ కొండమీదినుంచి తోశారో, నటాషా పడిపోయింది కూడా అదే కొండమీదినుంచి. టోనీ స్టార్క్‌కి అంత పెద్ద అంత్యక్రియల సీన్ పెట్టి నటాషాకి సరస్సు ఒడ్డున నాలుగు మాటలతో సరిపెట్టారు. ఇది కథ రాసేవాళ్ల తప్పు మాత్రమే కాదు, డబ్బు లెక్క కూడా ఉంది. ఐరన్ మ్యాన్ 3లో అసలు విలన్‌ని మొదట ఆడమనిషిగా రాస్తే, ఆ బొమ్మ అమ్ముడుపోదు అనే భయంతో మార్చాల్సి వచ్చిందని డైరెక్టర్ షేన్ బ్లాక్ 2016లో చెప్పాడు. బొమ్మల షాపు కోసం కథ మారిందన్నమాట. అలాంటిది 2019లో కెప్టెన్ మార్వెల్ 100 కోట్ల డాలర్లు దాటింది, మరి ఆ భయం దేనికో.

మన బాహుబలి కూడా ఈ తూకంలో పెట్టాల్సిందే. 2015లో మొదటి పార్టులో అవంతిక ఎంట్రీ గుర్తుందా, అడవిలో సైనికుల్ని తన వెంట పరిగెత్తించి మట్టుబెడుతుంది, దేవసేనను విడిపించే బాధ్యత నాకివ్వండి అని అడిగి తీసుకుంటుంది. ఆ తర్వాత శివుడు ఆమెకి తెలియకుండా చేతిమీద రంగులు వేసి, ఇష్టం కనుక్కోకుండా జుట్టు విప్పి, కాటుక పెట్టి, ఆమె లక్ష్యాన్ని తన భుజానేసుకుని వెళ్లిపోతాడు. పాట అందంగా ఉంది కదా అని చాలామంది దాటేస్తారు, నేను దాటలేను. 2017లో రెండో పార్టులో అవంతిక ఎక్కడుందో వెతుక్కోవాలి. అదే సినిమాలో దేవసేన మాత్రం వేరే స్థాయి. శివగామి ముందు తలవంచదు, సభలో తన మాట తను చెప్తుంది, పాతికేళ్లు సంకెళ్లలో పుల్లలు ఏరి పేర్చిన చితికి నిప్పు పెట్టేది కూడా ఆమే. కొడుకు యుద్ధం గెలిపించినా పగ ఆమెది, ముగింపు ఆమెది. ఒకే కథలో ఒకరికి ఇంత, ఇంకొకరికి ఏమీ లేకపోవడం చూస్తే బాధగా ఉంటుంది.

టెర్మినేటర్ రెండో పార్ట్, 1991, లిండా హామిల్టన్ సారా కానర్. ఆస్పత్రి గదిలో మంచం నిలబెట్టి పుల్అప్స్ తీసే సీన్ అందరూ చెప్తారు. నాకు మాత్రం ఆ యంత్రాలు పుట్టడానికి కారణమయ్యే ఇంజనీర్ డైసన్ ఇంట్లో సీన్ ముఖ్యం: అతన్ని చంపడానికి వెళ్లి, కిందపడ్డ మనిషికి తుపాకీ గురిపెట్టి, ట్రిగ్గర్ నొక్కలేక గోడకి జారగిలబడి ఏడుస్తుంది. తను దేనికి భయపడిందో తనే అది అయిపోతున్నానని తెలుసుకున్న క్షణం అది, కండలకంటే అక్కడే ఆమె గట్టిగా కనిపిస్తుంది. 2003 మూడో పార్టులో ఆమె లేదు. తెరవెనకే లుకేమియాతో చనిపోయిందన్నారు, శవపేటిక తెరిస్తే అందులో ఆయుధాలు ఉంటాయి. 2019లో డార్క్ ఫేట్ ఆమెని వెనక్కి తెచ్చింది, అరవై దాటిన హామిల్టన్ తుపాకీ పట్టుకుని రోడ్డుమీద దిగినప్పుడు ఏ కుర్ర హీరోకీ తీసిపోదు. పైగా ఈసారి యంత్రాలు వెతికే అమ్మాయి రాబోయే నాయకుడికి తల్లి కాదు, నాయకురాలు ఆమే. సినిమా ఆడలేదు, అయినా ఆ ఒక్క మార్పు కోసం చూడమని చెప్తా.

చివరిగా మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్, 2015, జార్జ్ మిల్లర్. నా దృష్టిలో ఐదుకి ఐదు దీనికే. రాత్రి బురదలో బండి ఇరుక్కుపోయి ఉంటుంది, శత్రువు లైటు దూరం నుంచి దగ్గరికొస్తోంది, మ్యాక్స్ రైఫిల్‌తో కాల్చి గురితప్పుతాడు, మళ్లీ తప్పుతాడు, ఒక్క బుల్లెట్ మిగిలింది. వెనక కథానాయిక ఫ్యూరియోసా వచ్చి నిలబడుతుంది. అతను ఒక్క మాట మాట్లాడకుండా రైఫిల్ ఆమెకిచ్చేస్తాడు, ఆమె దాన్ని అతని భుజం మీద ఆనించి, ఊపిరి పీల్చకు అని చెప్పి కాలుస్తుంది. తగిలింది. హీరో పరువు పోయిందని ఎవరికీ అనిపించదు, ఆమె గొప్ప అని ఎవరూ డైలాగ్ కొట్టరు, పని ఎవరికి బాగా వస్తే వాళ్లు చేశారంతే. ఆ సినిమాని ఎడిట్ చేసిన మార్గరెట్ సిక్సెల్‌కి ఆస్కార్ వచ్చింది, సినిమాకి మొత్తం 6 ఆస్కార్లు. కథ నడిచేదే ఫ్యూరియోసా తీసుకున్న నిర్ణయంతో, మ్యాక్స్ ఆమె ప్రయాణంలో మధ్యలో కలిసి, చివర్లో తన దారిన వెళ్లిపోతాడు.

2024లో ఆన్యా టేలర్ జాయ్‌తో ఆమె చిన్నప్పటి కథ ఫ్యూరియోసా వచ్చింది, బాక్సాఫీసు దగ్గర దెబ్బతింది. నిదానంగా సాగుతుంది, మొదటి దానంత వేగం ఆశించి కూర్చుంటే నిరాశ తప్పదు. కానీ ఫ్యూరీ రోడ్‌లో ఆమెకి లేని ఆ చెయ్యి ఎలా పోయింది, ఆ పగ ఎక్కడ మొదలైంది అనేది ఏ మగవాడి కథలో ముక్కగా కాకుండా ఆమె కథగానే చెప్పారు. అది సరిగ్గా ఫ్యూరీ రోడ్ మొదలయ్యే చోట ఆగుతుంది కాబట్టి ముందు దీన్ని చూసి వెంటనే దాన్ని పెట్టుకోండి, మధ్యలో రోజులు గ్యాప్ ఇవ్వకండి.