మా మున్సిపల్ హైస్కూలుకు ఐదులో మూడున్నర

బడి పేరు రాయడం లేదు. రేపు పొద్దున మళ్లీ అదే గేటు ముందు నిలబడాలి కదా. విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఉండే మున్సిపల్ హైస్కూలు అనుకోండి చాలు. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను, మా ఆయన ఆటో నడుపుతాడు. మా పెద్దోడు మూడో తరగతి నుంచి ఇక్కడే, ఇప్పుడు ఆరుకి వచ్చాడు. చిన్నదానికి మూడో తరగతి, దాన్ని మాత్రం ఇక్కడ చేర్చుకోలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు మంచి చెప్పాలి. పాఠాలు బాగా చెప్తారు. మావాడి లెక్కల మాస్టారు ఒకరోజు అందరినీ టేపు తెమ్మన్నారట. వీడు నా కొలతల టేపే జేబులో పెట్టుకుని పోయాడు. ఇక్కడ నేను జాకెట్టు గుడ్డ ముందేసుకుని టేపు కోసం ఇల్లంతా వెతుకుతున్నాను. సాయంత్రం వచ్చి, బల్ల పొడవు వెడల్పు కొలిచి వైశాల్యం కట్టామని చెప్పి, అంతటితో ఊరుకోకుండా నా కటింగు చూసి "అమ్మా, గుడ్డ ఇలా అడ్డంగా తిప్పితే చెయ్యి ముక్క కూడా ఇందులోనే వస్తుంది" అన్నాడు. తిప్పి చూశాను. వచ్చింది! మాస్టారికి సగం మార్కులు అక్కడే వేసేశాను.

ఇంత బాగుంది కాబట్టే జనం. కరోనాలో ప్రైవేటు ఫీజులు కట్టలేక సర్కారు బళ్లకి వచ్చినవాళ్లు కొందరు తిరిగి పోలేదు. మేమూ ఆ బాపతే. ఇద్దరు కూర్చునే బెంచీలో ముగ్గురు కూర్చుంటున్నారు. నాకు ఈ విషయం బడికి వెళ్లకముందే తెలుసు, చొక్కాలు చెప్పేశాయి. మధ్యలో కూర్చునేవాడి చొక్కాకి రెండు చంకల దగ్గరా కుట్టు ఊడి వస్తుంది. చివర కూర్చునేవాడి ప్యాంటు ఒక పక్కే అరిగి నిగనిగలాడుతుంది, రెండో పక్క కొత్తగుడ్డలా ఉంటుంది. బెంచీ మీద సగమే కదా ఆనేది. మావాడిది మధ్య సీటు. దసరా లోపే మూడుసార్లు చంక కుట్టాను. వాడి పక్కవాడు ఎడమచేతి వాటం, రాసేటప్పుడు ఇద్దరి మోచేతులూ కొట్టుకుంటాయి. నోట్సులో కొన్ని అక్షరాలు ఉన్నట్టుండి మెట్లు దిగినట్టు కిందికి జారిపోతాయి, అక్కడ గుద్దుకున్నారన్నమాట.

మధ్యాహ్న భోజనం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వచ్చాక అన్నం పారేయడం తగ్గిందని మావాడే చెప్తాడు. లైను మాత్రం పొడవు. చివరి సెక్షన్ వాళ్లు తిని చెయ్యి కడుక్కునేలోపే బెల్లు కొట్టేస్తారు. మరుగుదొడ్ల దగ్గరా ఇదే కథ. కట్టినవి బాగానే ఉన్నాయి, ఇంతమందికి చాలవు. 2024 సెప్టెంబరులో బుడమేరు మా మీద పడ్డప్పుడు కింది గదుల్లో బురద ఎత్తిపోసి మళ్లీ బడి నడిపారు, అది మర్చిపోకూడదు.

ఇక అసలు గొడవ. ఎవరి పిల్లలు ఏ బడికి పోవాలన్నది. 2022లో జీవో 117 వచ్చింది. కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే ప్రైమరీ స్కూల్లోని 3, 4, 5 తరగతులు అందులో కలపాలన్నారు. మావాడు అప్పుడే మూడుకి వచ్చాడు. నేను ఒప్పుకోలేదు. ఇంటి వెనక బడి వదిలేసి, నూజివీడు రోడ్డు దాటి పంపాలి. కాగితంలో కిలోమీటరు లోపేనంట. మా ఆయన ఆటోలో తిప్పి రీడింగు చూస్తే కిలోమీటరున్నర దగ్గరికి వచ్చింది. మ్యాపు మీద గీత తిన్నగా పోతుంది, మా సందులు పోవు. పైగా ఆ రోడ్డు మీద బస్సులు, ఇసుక లారీలు. ఎనిమిదేళ్ల పిల్లాడు ఎలా దాటుతాడు? నెల రోజులు నేనే చెయ్యి పట్టుకుని దాటించాను.

ఆ తర్వాత మెల్లగా నా మనసు మారింది. ప్రైమరీలో ఒకే టీచరు రెండు తరగతుల్ని కలిపి కూర్చోబెట్టేది. ఇక్కడ లెక్కలకి ఒకరు, ఇంగ్లీషుకి ఒకరు. తేడా తెలిసింది. సరిగ్గా అప్పుడు, 2025లో, ఆ జీవో పోయింది. మోడల్ ప్రైమరీ స్కూల్ అన్నారు, తరగతికో టీచరు అన్నారు, మూడు నాలుగు ఐదు మళ్లీ వెనక్కి పంపారు. మీటింగులో లేచి "మా చిన్నదాన్ని కూడా హైస్కూల్లోనే ఉంచండి" అన్నాను. మూడేళ్ల కిందట అదే హాల్లో లేచి వద్దని అరిచింది కూడా నేనే. మా పక్కింటి అక్క మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వదా మరి.

ఆ రోజు గేటుకి దగ్గర్లో ఇళ్లున్నవాళ్లు ఒక వైపు, రోడ్డు అవతలి నుంచి వచ్చేవాళ్లం ఒక వైపు. "గోడ పక్కన ఉండే మా పిల్లలు బెంచీ చివర వేలాడాలా? దూరం వాళ్లని దూరం బడికే పంపండి" అన్నాడు ఒకాయన. "మీ గోడ పక్కనే బడి కట్టారు గానీ మీ కోసమే కట్టలేదు బాబూ" అంది మా సందులోని మామ్మ. అందరూ కలిపి హెచ్‌ఎం గారి మీద పడ్డారు. ఆవిడ చాలాసేపు విన్నారు. "వచ్చిన పిల్లల్ని వద్దనే అధికారం నాకు లేదండీ, గదులు కట్టే అధికారమూ లేదు" అన్నారు. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. గీతని ఇటు జరిపినా అటు జరిపినా పిల్లలు వాళ్లే, గదులు అవే. ఆ సాయంత్రమంతా హద్దుల గురించే అరుచుకున్నాం. పైన అంతస్తు వేయమని ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు.

చిన్నది వెళ్లే మోడల్ స్కూలు బాగానే ఉంది, తరగతికి టీచరు ఉన్నారు. అన్నాచెల్లెళ్లది చెరో గేటు కావడంతో పొద్దున్నే ఆటో రెండు దిక్కులా తిరుగుతుంది. మా ఆయనకి మొదటి బేరం పోతుంది.

రేటింగు సంగతి. గదులు చాలనందుకు ఒకటి తీసేశాను, మరుగుదొడ్లకి అర. చదువులో ఏమీ తగ్గించలేదు.

ఆరో తరగతిలో చేర్చాలనుకునేవాళ్లు టీసీ, ఆధార్ పట్టుకుని జూన్‌లో బడి తెరిచిన రోజే వెళ్లండి, వారం ఆగితే సెక్షన్ మీ చేతిలో ఉండదు. యూనిఫాం ఎవరి దగ్గర కుట్టించినా సరే, చంక దగ్గర అరంగుళం వదులు పెట్టి రెండు కుట్లు వేయమని చెప్పండి.