తిరుపతి నుంచి నందలూరు బౌద్ధ గుట్టకు అద్దె కారు: బండి బాగుంది, దారే తెలియదు

బస్టాండు దగ్గరున్న ఒక ట్రావెల్స్‌లో కారు మాట్లాడుకుని పోయిన ఆదివారం నందలూరు వెళ్లొచ్చాం. చెప్పినట్టే ఆరింటికి ఇంటి ముందుకొచ్చింది, సీట్లు శుభ్రం, ఏసీ అడగకుండానే వేశాడు.

తంటా అంతా రాజంపేట దాటాకే. ఆడపూరు దగ్గర స్తూపాలున్న గుట్ట అని బుకింగప్పుడే రెండుసార్లు చెప్పి, కాగితం మీద రాయించి మరీ వచ్చాను. డ్రైవరన్న నేరుగా సౌమ్యనాథస్వామి గుడి ముందు ఆపి, "దర్శనం చేసుకోండి సామీ, ఆడేముంది, రాళ్లే కదా" అన్నాడు. గుడి చాలా బాగుంటుంది, కాదనను, కానీ మేమొచ్చింది ఆ రాళ్ల కోసమే. పైగా గుట్ట పేరు లంజకనుమ. మా ఆవిడ పక్కనుండగా ఒక పెద్దాయన్ని ఆపి ఆ పేరుతో దారి అడగడానికి నాకు నోరు పెగల్లేదు (భట్టిప్రోలు స్తూపాన్నీ లంజదిబ్బ అనే అంటారు, ఎవరికి చెప్పుకుంటాం). ఆయనే నవ్వి చెయ్యి చూపించాడు.

గుట్టెక్కాక కోపం పోయింది. పక్కనే చెయ్యేరు, ఇసుకలో సన్నటి నీటి పాయ. భిక్షువుల నివాసానికి చోటెలా ఉండాలో, బుద్ధుడికి వేణువనమనే తోట ఇచ్చేముందు మగధ రాజు బింబిసారుడు వేసుకున్న లెక్క వినయపిటకంలో (భిక్షువుల నియమాల గ్రంథం) ఉంది: ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు, వచ్చిపోవడానికి వీలుండాలి, పగలు రద్దీ, రాత్రి చప్పుడు ఉండకూడదు. రోజూ భిక్షకు నడిచెళ్లాలి కదా మరి. స్తూపమైతే నాలుగు దారులు కలిసేచోట కట్టమని బుద్ధుడి చివరి రోజుల గురించిన మహాపరినిబ్బాన సుత్తం చెబుతుంది, ఇక్కడి భిక్షువులేమో గుట్టే మేలనుకున్నట్టున్నారు. విశాఖ దగ్గర తొట్లకొండ మీద వాన నీళ్ల కోసం రాతిని తొలుచుకున్నారు, వీళ్లకు ఏరే ఉంది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఆ ఏరే ఊళ్లను ఊడ్చేసింది, అది చూసినవాళ్లకు ఒడ్డున నాలుగడుగుల ఎత్తు విలువేంటో చెప్పక్కర్లేదు. మా నాన్న ఇంటి స్థలానికి ఈశాన్యం ఒక్కటే చూసి కొన్నాడు, ఇప్పుడు వానొస్తే హాల్లోకి నీళ్లు.

డ్రైవరన్న కూడా పైకొచ్చాడు. ఒక ఇటుక పక్కన చెప్పు పెట్టి కొలిచి, "చెప్పు కంటే పొడుగుంది సామీ" అని ఫోటో తీసుకున్నాడు.

తీరా బిల్లులో వెయిటింగ్ 300 రూపాయలు వేశారు. గుడి దగ్గర ఆయన ఆపితే నేను కట్టడమేంటి? గట్టిగా అడిగితే 150కి దిగారు. మూడు స్టార్లు. మీరు వెళ్తే మ్యాప్ లొకేషన్ ముందే డ్రైవరు ఫోనుకు పంపండి, నీళ్లు, టోపీ మీరే పెట్టుకోండి.