పెంబర్తి ఇత్తడి రేకు బుద్ధుడు: కొనే ముందు చేతులు చూడండి

వరంగల్ చుట్టుపక్కల ఇవాళ ఇంటి గోడకు పెట్టుకోవడానికి దొరికే బుద్ధ ప్రతిమల్లో జనగామ దగ్గరి పెంబర్తి ఊళ్లో చేసే ఇత్తడి రేకు పలకను మించినది లేదు. హనుమకొండ గిఫ్టు దుకాణాల్లో బంగారు రంగు పూసిన రెసిన్ తలలు, ఉత్తరాది నుంచి వచ్చే పోత ఇత్తడి బొమ్మలు వరుసగా కనిపిస్తాయి. అవన్నీ అచ్చులోంచి దిగిన ఒకే ముఖం. పెంబర్తి పలకలో కనురెప్ప గీత కూడా ఉలి పెట్టి చేత్తో కొట్టినదే. ఆలయాల కవచాలు, మకర తోరణాలు, ధ్వజస్తంభం తొడుగులు చేస్తూ వచ్చిన చేతులవి. 2010లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయినా చూడకుండా కొనేయమని మాత్రం చెప్పలేం. పనితనానికి వంక పెట్టలేం, తేడా అంతా నమూనాగా పనివారి ముందు పెట్టే బొమ్మలోనే వస్తోంది.

ఎక్కువగా అమ్మకానికి ఉండేది అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు పలక. పద్మాసనంలో కూర్చున్న బుద్ధుడు, కుడిచేయి నేలను తాకుతూ, ఎడమచేయి ఒడిలో. బోధ్ గయలో ధ్యానం చెడగొట్టాలని మారుడు ఎదిరించినప్పుడు భూమిని సాక్షిగా పిలిచిన ఘట్టం ఇది. నేలను తాకేది ఎప్పుడూ కుడిచేయే. చీవరం, అంటే భిక్షువు పైవస్త్రం, కప్పకుండా వదిలేది కూడా కుడి భుజమే. అంటే ఎదురుగా నిలబడి చూసేటప్పుడు నేలను తాకే చేయి మీ ఎడమవైపు కనబడాలి. చాలా పలకల్లో ఇది తారుమారై ఉంటుంది. ఎందుకంటే రేకు పని మొదలయ్యేది వెనుక వైపు నుంచి. గుగ్గిలం, ఇటుకపొడి, నూనె కలిపి ఉడికించిన ముద్దను పరచి, దాని మీద రేకును బోర్లా ఆనించి, వెనుక నుంచి మొద్దు ఉలితో కొట్టి పొంగిస్తారు. తెచ్చిన బొమ్మను ఉన్నది ఉన్నట్టు వెనుక వైపు దించుకుంటే, ముందు వైపు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. పూల తీగకో కలశానికో ఇది పట్టింపు కాదు. బుద్ధుడి విషయంలో అర్థమే పోతుంది. ఆర్డరు ఇచ్చేటప్పుడు బొమ్మను తిప్పి ప్రింటు తీయించి, దాని మీద 'వెనుక' అని రాసి ఇవ్వండి. తిప్పని ప్రింటు ఇంకొకటి కూడా ఇవ్వండి, ముందు వైపు నగిషీ చెక్కేటప్పుడు పక్కన పెట్టుకుంటారు.

పొంగించడం ఒక్క విడతలో అయ్యేది కాదు. కొడుతున్న కొద్దీ ఇత్తడి గట్టిపడి పెళుసవుతుంది. మధ్యమధ్య ముద్ద మీద నుంచి తీసి, మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి మళ్లీ మెత్తబరచాలి. త్వరగా ఇవ్వమని ఒత్తిడి చేస్తే తగ్గేది ఈ కాల్పులే. అప్పుడు ముక్కు కొసన, మోకాలి అంచున సన్నని పగులు వస్తుంది. ఆ రెండూ రేకు ఎక్కువగా సాగి పలచబడే చోట్లు. పగులును టంకంతో పూడ్చి పాలిష్ పెడితే ముందు నుంచి తెలియదు. పలకను తిప్పి చూస్తే తెల్లటి టంకం మచ్చ కనబడుతుంది. చెక్కకు బిగించకముందే వెనుక వైపు చూపించమని అడగడం అందుకే.

రేకు మందం సంగతి కూడా తేల్చుకోండి. మందాన్ని గేజిల్లో చెబుతారు, అంకె పెరిగే కొద్దీ రేకు పలచన. ఈ కొలత పలకకు 24 గేజి, అంటే సుమారు 0.56 మిల్లీమీటర్లు ఉండాలి. ముఖం బాగా పొంగి రావాలంటే 22 గేజి, సుమారు 0.71 మిల్లీమీటర్లు మేలు. 28 గేజి రేకుతో చేసినవీ ఉన్నాయి, బొటనవేలితో నొక్కితే బుగ్గ లోపలికి పోతుంది. కొట్టినప్పుడు రేకు సాగుతుందే గానీ బరువు మారదు కాబట్టి తూకంతో పట్టుకోవచ్చు. చదరపు అడుగుకు 22 గేజి దాదాపు 560 గ్రాములు, 24 గేజి 440, 28 గేజి 300 గ్రాములు తూగుతాయి. అడుగు, అడుగున్నర పలక 24 గేజి అయితే చెక్క లేకుండా 650 గ్రాముల దగ్గర ఉండాలి. రేకు ధర, పని కూలి విడివిడిగా అడగండి. కూలి దగ్గర బేరం చేయకండి, మీరు కొంటున్నది ఆ పనినే.

ఇక రూపం. ఫోన్లో దొరికిన నాలుగు బొమ్మలను కలిపి ఒకటి చేయించడం ఇప్పుడు మామూలైపోయింది. తల మీద థాయిలాండ్ సుఖోథాయ్ బుద్ధుడి జ్వాల, కింద గాంధారంలోలా అలలు అలలుగా జుట్టు, ఒంటి మీద సారనాథ్ పద్ధతిలో మడతలు లేని నున్నటి చీవరం, ఒడిలో జపాన్ కామకురా అమితాభుడి చేతులు. విడివిడిగా ఒక్కొక్కటీ వందల ఏళ్ల సాధనలో తేలిన రూపం. కలిపితే ఏ దేశపు భక్తుడూ గుర్తుపట్టలేడు. కామకురా కంచు విగ్రహం 1252లో మొదలైంది. అది శాక్యముని, అంటే గౌతమ బుద్ధుడి ప్రతిమ కాదు, పశ్చిమాన సుఖావతి అనే పుణ్యలోకంలో ఉండే అమితాభుడనే మరో బుద్ధుడిది. ఒడిలో రెండు చేతుల వేళ్లూ కలిసే తీరు ఆయనది. చేతిలో కరక్కాయ ఉంటే భైషజ్యగురువు, వైద్య బుద్ధుడు. టిబెట్ పటాల్లో ఆయన ఒళ్లు నీలం. బొజ్జతో నవ్వే బొమ్మ చైనాలో పదో శతాబ్దపు బుదాయ్ అనే భిక్షువుది. రాబోయే బుద్ధుడైన మైత్రేయుడి అవతారమని అక్కడ ఆయన్ను కొలుస్తారు. ఆ బొమ్మను బుద్ధుడని చెప్పి అమ్మడం మన దుకాణాల్లో ఇంకా మానలేదు.

మన పలక మీద ఏ రూపం బాగుంటుందంటే, అమరావతి, నాగార్జునకొండ పద్ధతిని కళ్లు మూసుకుని ఎంచుకోవచ్చు. నిలబడిన బుద్ధుడు, కుడి భుజం బయటికి, కుడిచేయి అభయంలో, ఎడమచేత చీవరం కొంగు ఎత్తి పట్టుకుని, పాదాల పైన అంచు బరువుగా మడతపడి. కృష్ణా తీరంలో రూపు కట్టిన ఈ పద్ధతి సముద్రం దాటింది. సింహళంలో, అంటే శ్రీలంకలో నిలిచింది. వియత్నాంలోని డాంగ్ డ్యువాంగ్‌లో, ఇండోనేషియా సులవేసి దీవిలోని సికెండెంగ్‌లో దొరికిన కంచు బుద్ధుల్లో దాని పోలిక కనబడుతుంది. రేకు పనికి ఇది సహజంగా నప్పుతుంది. చీవరం మడతలు పొడవైన ఏటవాలు గీతలు, ఉలి ఆగకుండా సాగుతుంది. ఇంకాస్త సాహసం ఉంటే పెద్దపల్లి జిల్లా ధూళికట్ట స్తూపం పలకల వైపు చూడండి. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపకుండా ధర్మచక్రం, పాదాలు, బుద్ధుడికి గొడుగు పట్టిన ముచిలింద నాగు పడగలతో చెప్పిన కాలం పని అది. ముఖం చేయనక్కర్లేదు, లోతు తక్కువ, 24 గేజిలోనే అద్భుతంగా వస్తుంది. ఇలాంటివి ఎవరూ అడగకపోవడం విచారం.

కూర్చున్న బుద్ధుడే కావాలంటే ఒక కొలత చూసుకోండి. మోకాలి నుంచి మోకాలికి ఉన్న వెడల్పు, ఆసనం నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటిదాకా ఉన్న ఎత్తు దాదాపు సమానంగా ఉండాలి. పలక ఇరుకైందని మోకాళ్లు కుదించినవి కుంచించుకుపోయినట్టు కనబడతాయి. జుట్టు చుట్టలు ఒక్కొక్కటీ విడిగా, కుడివైపుకు తిరిగి ఉండాలి. చుక్కలు పొడిచి వదిలేసినవి వద్దు. నల్లటి యాంటిక్ పాలిష్ గీతల్లోని లోపాలను కప్పేస్తుంది, అందుకని పాలిష్ పెట్టకముందే చూడటం నయం.

చెక్కకు బిగించే మేకులు ఇత్తడివే కావాలి. ఇనుప మేకు వానాకాలం తేమకు తుప్పుపట్టి రేకు మీదికి మరక దించుతుంది. మెరుపు తగ్గకుండా లక్కరు (పారదర్శక పూత) పూసిన పలకను చింతపండుతో తోమకండి, పొడి గుడ్డ చాలు. తోమితే లక్కరు గీసుకుపోయిన చోట పులుపు దిగి మచ్చలు పడతాయి. పూయనిదైతే చింతపండు మంచిదే. కానీ జుట్టు చుట్టల్లో మిగిలిన పులుపు కొన్నాళ్లకు పచ్చగా చిలుము పడుతుంది, మెత్తటి బ్రష్షుతో కడిగి వెంటనే తుడిచి ఆరబెట్టాలి.

ముఖం సొట్టపోకుండా వెనుక గుగ్గిలం ముద్ద నింపించుకోవడం మంచి పద్ధతి, అడిగితే చేస్తారు. అలా నింపిన పలకను మే నెలలో మూసిన కారులో వదిలి టిఫినుకు వెళ్లకండి. ముద్ద మెత్తబడి జారితే ముఖం వెనుక మళ్లీ ఖాళీ అవుతుంది.