మూడక్షాల విద్యుత్ క్షేత్ర ప్రోబ్: ఏడాది వాడిన తర్వాత

లోహపు గోడల మధ్య రేడియో తరంగాలు అటూ ఇటూ పరావర్తనం చెందే రివర్బరేషన్ ఛాంబర్‌లో, ఎలుకల బోనుల దగ్గర క్షేత్ర తీవ్రతను కొలవడానికి ఈ ప్రోబ్‌ను ఏడాదిగా వాడుతున్నాను. తరంగం ఏ దిక్కు నుంచి వచ్చినా రీడింగ్ దాదాపు ఒకేలా ఉంటుంది. సంకేతం రాగి తీగలో కాక ఆప్టికల్ ఫైబర్‌లో బయటికి వస్తుంది కనుక, కొలిచే పరికరమే క్షేత్రాన్ని చెదరగొట్టే బెడద తక్కువ.

అసలు చిక్కు రెండో తరం సెల్‌ఫోన్లు వాడే జీఎస్‌ఎం సంకేతంతో వచ్చింది. ఎనిమిది కాలఖండాలలో ఒక్కదానిలోనే ప్రసారమైనప్పుడు శిఖర శక్తి సగటుకు ఎనిమిది రెట్లు ఉంటుంది. అంత తీవ్రతలో ప్రోబ్‌లోని డయోడ్ వర్గ నియమం (వెలువడే వోల్టేజి క్షేత్ర తీవ్రత వర్గానికి అనుపాతంలో ఉండడం) వర్తించే పరిధిని దాటిపోవడంతో, నిరంతర తరంగంతో చేసిన క్యాలిబ్రేషన్ పనికిరాకుండా పోయింది. మాన్యువల్‌లో దీని గురించి ఉన్నది ఒక్క వాక్యం, అదీ అనుబంధంలో! దిద్దుబాటు గుణకాలను మేమే తయారు చేసుకున్నాం.

ఈ ప్రోబ్ చెప్పేది మీటరుకు ఎన్ని వోల్టులన్నది మాత్రమే. జంతువు శరీరం కిలోకు ఎన్ని వాట్లు గ్రహిస్తుందన్నది దాని పరిమాణాన్ని బట్టి మారుతుంది. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2018లో తుది నివేదికలు వెలువరించిన సెల్‌ఫోన్ తరంగాల అధ్యయనంలో పెద్ద ఎలుకలకు 900, చిట్టెలుకలకు 1900 మెగాహెర్ట్జ్ వాడినది ఇందుకే. కాబట్టి వారం వారం ఎలుకలను తూచే త్రాసు కూడా ఈ కొలతలో భాగమేనని కొనేవారు గుర్తించాలి. బ్యాటరీ మాత్రం రోజంతా నిలవదు.