అట్రాసిటీ కేసు: స్టేషనా, ఎస్పీ ఆఫీసా, కోర్టా, కమిషనా? ఏది మేలు?

ఊళ్లో కులం పేరు పెట్టి తిట్టారు, చెయ్యి చేసుకున్నారు. ఇప్పుడు ఎక్కడికి పోవాలి? స్టేషన్‌కి పోయి లాభం లేదు, ఎస్సై వాళ్ల మనిషే అంటారు ఒకరు. నేరుగా ఎస్పీని కలుద్దామంటారు ఇంకొకరు. ఢిల్లీలో జాతీయ ఎస్సీ కమిషన్‌కి రాద్దామంటాడు చదువుకున్న కుర్రాడు. పెద్దమనుషుల్లో పెట్టి తేల్చుకుందాం, రేపు మళ్లీ వాళ్ల పొలానికే కదా కూలికి పోయేది అంటాడు ఇంటి పెద్ద. అందరి మాటలోనూ కొంత నిజం ఉంది. అయినా నేను చెప్పేది ఒకటే: ఎస్సై ఎవరి మనిషైనా సరే, మొదటి కాగితం స్టేషన్‌లోనే పడాలి. మిగతా దారులు ఆ కాగితాన్ని కదిలించడానికి పనికొస్తాయి గానీ, దాని బదులు పనికిరావు.

ఎందుకంటే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో దాదాపు అన్నీ ఆ మొదటి కాగితానికే, అంటే పోలీసులు కేసు కట్టి రాసే ఎఫ్‌ఐఆర్‌కే ముడిపడి ఉన్నాయి. కేసు కడితే దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చేతికి వెళ్తుంది, 60 రోజుల్లో ముగించాలి. పరిహారం కూడా అక్కడే మొదలవుతుంది. 2016లో సవరించిన నిబంధనల ప్రకారం నలుగురిలో కులం పేరుతో దూషించిన కేసులో బాధితుడికి లక్ష రూపాయలు రావాలి. పావు వంతు ఎఫ్‌ఐఆర్ కట్టగానే, సగం చార్జిషీటు కోర్టుకు వెళ్లాక, మిగతా పావు శిక్ష పడ్డాక. కమిషన్‌కి ఎన్ని అర్జీలు పెట్టినా ఈ లెక్క మొదలుకాదు.

స్టేషన్‌లో వచ్చే చిక్కు కూడా తెలిసిందే. "కులం సంగతి తీసేసి రాయండి, పని తొందరగా అవుతుంది" అంటారు. ఆ ఒక్క వాక్యం తీసేస్తే అది మామూలు కొట్లాట కేసు. డీఎస్పీ రాడు, పరిహారం రాదు, అవతలివాళ్లకు ముందస్తు బెయిలు దారి తెరుచుకుంటుంది. లేదంటే "ముందు విచారించి, ఆ తర్వాత కడతాం" అంటారు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు అలాంటి ప్రాథమిక విచారణకు వీలిచ్చిన మాట నిజమే. దానిమీద దేశమంతా దళితులు రోడ్డెక్కారు, అదే ఏడాది పార్లమెంటు చట్టాన్ని సవరించి 18ఏ సెక్షన్ చేర్చింది. ఎఫ్‌ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని అందులో స్పష్టంగా ఉంది. 18ఏ అన్న మాట నోటికి వచ్చి ఉండాలి.

ఫిర్యాదులో ఏం రాశారన్నదే సగం కేసు. "కులం పేరుతో దూషించారు" అంటే చాలదు. ఏ మాట అన్నారో, ఎంత చెప్పుకోలేని మాటైనా, అన్నది అన్నట్టు రాయాలి. ఎక్కడ అన్నారు? టీకొట్టు ముందా, బోరింగు దగ్గరా, ఇంటి లోపలా? నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేని చోట అన్న మాటకు, నలుగురిలో కులదూషణను నేరం చేసిన సెక్షన్ వర్తించదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే విన్నవాళ్ల పేర్లు కావాలి. తిట్టినవాళ్ల కులమూ, మన కులమూ రాయాలి. చదువు రానివాళ్లు నోటితో చెప్పినా స్టేషన్‌లో రాసుకుని, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఒక కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆ కాపీ చేతిలో పడకుండా స్టేషన్ మెట్లు దిగొద్దు.

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితులు పట్టుబట్టి పోరాడితే ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. ఎవరు, ఎక్కడ, ఏ వేళకు చంపారో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందంటూ 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఆ తీర్పు నాకు ఈనాటికీ మింగుడుపడదు. కానీ చోటు, వేళ, పేర్లు మొదటి రోజే కాగితం మీదికి ఎక్కాలని నేను ఇంత పట్టుబట్టేది అందుకే.

ఎస్సై తీసుకోకపోతే ఎస్పీ, ఎస్పీ కూడా కదలకపోతే కోర్టు. ఈ రెండిట్లో ఏది మేలని అడుగుతుంటారు గానీ, ఒకటి దాటకుండా రెండోదానికి పోలేం. అదే ఫిర్యాదు ఎస్పీకి (హైదరాబాద్ లాంటి చోట్ల పోలీస్ కమిషనర్‌కి) పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టం ప్రకారం, ఎఫ్‌ఐఆర్ కట్టించమని కోర్టుకు వెళ్లాలంటే ముందు ఎస్పీకి రాసి ఉండాలి, అఫిడవిట్ (ప్రమాణపత్రం) కూడా పెట్టాలి. ఎస్పీ ఆఫీసులో నోటిమాటగా చెప్పుకుని వచ్చేసినవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు. ప్రైవేటు కంప్లైంటు వేసి నేరుగా కోర్టులో కేసు నడిపే దారీ ఉంది గానీ, సాక్షులను తెచ్చే బరువు మన మీదే పడుతుంది. కూలికి పోతే గానీ పూట గడవని ఇంటికి ఆ దారి చూపించను.

కమిషన్ గురించి క్లుప్తంగా. జాతీయ ఎస్సీ కమిషన్‌కి అధికారులను పిలిపించే, రికార్డులు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలున్నాయి. పోలీసులే నిందితులైనప్పుడు, ఉద్యోగంలో వివక్ష ఉన్నప్పుడు అక్కడికి పోవడం మంచిదే. పరిహారం డబ్బు ఆగిపోతే మాత్రం ఢిల్లీ దాకా ఎందుకు? కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారి కూర్చోవాల్సిన విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ ఉన్నదే ఇలాంటి వాటి కోసం. ఇక 14566 హెల్ప్‌లైన్‌కి రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. ఒంటరిగా ఉన్నవాళ్లు ముందు అక్కడ చెప్పుకోవడంలో తప్పులేదు, తెల్లారాక స్టేషన్‌కి పోతే చాలు.

పెద్దమనుషుల రాజీని నేను ఒప్పుకోను. ఊళ్లో బలమున్నవాడే రాజీ షరతులు రాస్తాడు. కూలి పోతుందన్న ఇంటి పెద్ద భయం మాత్రం నిజమైన భయం, దాన్ని కొట్టిపారేయకూడదు. అందుకే ఆయనకు ఇది చెప్పండి: కేసు పెట్టారని పనికి పిలవకుండా వెలివేస్తే, వెలివేస్తామని బెదిరించినా, 2016 నుంచి అది ఇదే చట్టం కింద ఇంకో నేరం. ఇంకో ఫిర్యాదు రాయొచ్చు.

వకీలు ఖర్చుకు వెనకాడొద్దు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కుగా ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, లేదా 15100కి ఫోన్ చేయొచ్చు. చర్చికి వెళ్లే కుటుంబాలైతే ఫిర్యాదు రాసే ముందే వకీలుతో మాట్లాడాలి, ఎందుకంటే క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా ఉండదు కాబట్టి అలా మారిన పాస్టర్ ఈ చట్టం వాడుకోలేడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. ఎస్టీల విషయంలో మతం అడ్డు లేదు. నిందితుడు బెయిలు అడిగిన రోజు బాధితుడికి నోటీసు రావాలి, అతని మాట వినాలి. ఇదే చట్టంలోని 15ఏ సెక్షన్ ఇచ్చిన ఈ హక్కును పక్కనపెట్టి ఇచ్చిన బెయిలును 2021లో సుప్రీంకోర్టు తప్పుబట్టింది. నోటీసు రాకుండా బెయిలు ఇచ్చేస్తే అదే వకీలు చేత హైకోర్టులో అప్పీలు వేయించండి.