ఆర్‌సీ వేరొకరి పేర ఉంటే ఆన్‌లైన్ కారు పాలసీ ఎంతవరకు పనికొస్తుంది?

ప్రీమియంలు పోల్చి చూపే ఇన్సూరెన్స్ సైట్లు రెన్యువల్‌కి బాగున్నాయి. చేతులు మారిన కారుకు మాత్రం వాటిని నమ్ముకోవద్దు.

నాన్న పేర ఉన్న కారును కొడుకు నడుపుతున్నాడనుకుందాం. పాలసీ నాన్న పేరనే తీసుకోవాలి. లైసెన్సు ఉండి, ఓనరు ఒప్పుకుంటే ఎవరు నడిపినా కవర్ ఉంటుంది. ఇలాంటి రెన్యువల్ సైట్లో సులువే: బండి నంబరు కొడితే మోడల్, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు సాధారణంగా వాటంతటవే వచ్చేస్తాయి. కేవైసీ మాత్రం నాన్నదే కావాలి, ఓటీపీ వచ్చే ఆయన ఫోను పక్కన పెట్టుకోండి. 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కూడా ఆయనకే. స్టీరింగ్ దగ్గరున్న కొడుక్కి ఏమైనా అయితే అందులోంచి రూపాయి రాదు. అతనికి విడిగా ఇంకో పాలసీ ఉండాల్సిందే.

సెకండ్ హ్యాండ్ కారు దగ్గరే అసలు చిక్కు. ఫారంలో ఓనరు పేరు మార్చే వీలుంటే కొన్నవాళ్లు తమ పేరు కొట్టేస్తారు. డబ్బు కట్టగానే పీడీఎఫ్ కూడా వచ్చేస్తుంది, ఆర్‌సీ మాత్రం పాత ఓనరు పేరే ఉంటుంది. ప్రమాదం తర్వాత నష్టం అంచనా వేసే సర్వేయర్ ముందు అడిగేది ఆర్‌సీనే. పేర్లు కలవకపోతే రిపేరు క్లెయిమ్ అక్కడే ఆగిపోవచ్చు. కారు చేతులు మారితే పాలసీ కూడా మారినట్టేనని మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ అంటుంది, నిజమే. కానీ అది థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టం వరకేనని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. సొంత కారు డ్యామేజీకి ఆ ధీమా లేదు.

అందుకే పాలసీని మీ పేరుకు మార్పించుకోవడానికి కంపెనీ బ్రాంచికి వెళ్లడమే మేలు. కొన్న 14 రోజుల్లోగా దరఖాస్తు ఇవ్వాలి. ఓనరు మార్పుకు ఆర్టీవోలో ఇచ్చే ఫారం 29, 30 కాపీలు, పాత పాలసీ, అమ్మినాయన సమ్మతి లేఖ, మీ కేవైసీ పట్టుకెళ్లండి. కారును ఇన్‌స్పెక్షన్‌కి చూపించమనవచ్చు. కొత్త ఆర్‌సీ రాగానే దాని కాపీ కూడా ఇవ్వండి.

చాలామంది బేరంలో లెక్కేయనిది ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది కారుది కాదు, అమ్మినాయనది. ఓన్ డ్యామేజ్ (సొంత కారు డ్యామేజీ) ప్రీమియం 12,000 మీద ఆయనకు 50 శాతం తగ్గి ఉంటే అది 6,000. పాలసీకి ఇంకా ఆరు నెలలుంటే మీరు కట్టాల్సిన తేడా దాదాపు 3,000. ట్యాక్సు, ఎండార్స్‌మెంట్ (పాలసీలో పేరు మార్చినట్టు ఇచ్చే పత్రం) ఫీజు అదనం. అమ్మినాయన ఎన్‌సీబీ లెటరు తీసుకుంటే కొత్త కారుకు మూడేళ్ల దాకా వాడుకోవచ్చు. ఆర్‌సీ మారేదాకా థర్డ్ పార్టీ బాధ్యత ఆయన మెడకే చుట్టుకుంటుంది కాబట్టి ఆయనకూ ఈ తొందర ఉండాలి.

ఓనరు చనిపోతే పాలసీ మూడు నెలలు, లేదా గడువు తేదీ దాకా, ఏది ముందైతే అంతవరకే నడుస్తుంది. ఆలోగా ఫారం 31తో ఆర్‌సీ వారసుల పేరుకు మార్చుకోవాలి.

ఎండార్స్‌మెంట్ చేతికొచ్చాక పేరు స్పెల్లింగు, లోన్ ఉంటే బ్యాంకు పేరు, అమల్లోకి వచ్చే తేదీ కౌంటరు దగ్గరే చూసుకోండి. తప్పుంటే అప్పుడే దిద్దించండి.