రూన్‌స్కేప్: పాతదా, కొత్తదా?

2012 నవంబరులో జాగెక్స్ కంపెనీ తన ఆన్‌లైన్ గేమ్ రూన్‌స్కేప్‌లో పోరాట పద్ధతిని మొత్తం మార్చేసింది. అప్పటికి ఆట మొదలై 11 ఏళ్లు దాటింది. అభిమానులు భగ్గుమన్నారు, చాలామంది చందా మానేశారు. దాంతో 2013 ఫిబ్రవరిలో కంపెనీ ఓటింగ్ పెట్టి, 2007 ఆగస్టు నాటి బ్యాకప్‌ని బయటికి తీసి ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌గా వదిలింది. అప్పట్నుంచి ఈ ఇంటికి రెండు పొయ్యిలు.

అసలు తేడా కొట్లాటలోనే. ఓల్డ్ స్కూల్‌లో శత్రువు మీద ఒకసారి క్లిక్ చేస్తే చాలు, మన క్యారెక్టర్ కొడుతూనే ఉంటుంది. ఇంతేనా అనిపిస్తుంది గానీ, పెద్ద బాస్‌ల దగ్గర 0.6 సెకన్ల టిక్ (ఆట గడియారంలో ఒక అడుగు) లెక్కన ప్రార్థనలు, అంటే దెబ్బల నుంచి కాపాడే శక్తులు, మార్చుకోవాలి. ఒక్క టిక్ తప్పినా ప్రాణం మీదికొస్తుంది. కొత్తదైన రూన్‌స్కేప్ 3లో అలా కాదు: తెర మీద దాడుల బటన్లుండే యాక్షన్ బార్, కొడుతుంటే పెరిగే అడ్రినలిన్ మీటర్, అది నిండాక వేసే పెద్ద దెబ్బలు. వేళ్లకి తీరిక ఉండదు. పాతవాళ్లు తిట్టుకున్నా సరే, బాస్ ఫైట్ల మజా నాకు ఇక్కడే. పాత పద్ధతి కావాలన్నవాళ్ల కోసం 2014లో లెగసీ మోడ్ పెట్టారు గానీ, అది అలిగినవాళ్లని బుజ్జగించడానికే అన్నట్టుంది.

గ్రాఫిక్స్‌లో కొత్తదే మేలు, వేరే చెప్పక్కర్లేదు.

ఓల్డ్ స్కూల్ బలమంతా ఓట్లలో ఉంది. కొత్త స్కిల్ రావాలంటే ఆటగాళ్లు ఒప్పుకోవాలి. మొదట్లో 75 శాతం ఓట్లు కావాల్సి వచ్చేది, 2022 నుంచి 70. 2019లో వార్డింగ్ అనే కొత్త స్కిల్‌ని అలాగే తిప్పికొట్టారు. ఓడలు నడిపే సెయిలింగ్ స్కిల్ మాత్రం గట్టెక్కింది.

చందా ఒకటే, రెండూ ఆడొచ్చు. ఫోన్‌లో తీరిగ్గా ఆడుకునేవాళ్లకి ఓల్డ్ స్కూలే హాయి.